ఏడవని వాడే హంతకుడా?

భార్య పోయి ఎనిమిదేళ్ళయిన మొగుడు చూడ్డానికి ఎలా ఉండాలి? ఇంకా ఏడుస్తూ ఉంటే "నటిస్తున్నాడ్రా" అంటారు. మామూలుగా ఆఫీసుకెళ్ళొస్తుంటే "చూశావా, ఎంత తొందరగా మర్చిపోయాడో" అంటారు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడా, ఇక చెప్పక్కర్లేదు. "అందుకే కదా..." అని సగం మాట బయటికి అని, మిగతా సగం మింగేస్తారు.

"టెల్ నో వన్" అనే ఫ్రెంచి సినిమా చూస్తున్నంతసేపూ నాకు ఇదే గోల. హార్లన్ కోబెన్ అనే అమెరికన్ రచయిత 2001లో రాసిన నవలని గియోమ్ కానే అనే కుర్ర దర్శకుడు పారిస్‌కి మార్చి 2006లో తీశాడు. ఫ్రాన్సులో సెజార్ అవార్డులంటే మన నేషనల్ అవార్డుల్లాంటివి. దీనికి నాలుగొచ్చాయి: దర్శకుడికి, హీరోకి, ఎడిటింగ్‌కి, సంగీతానికి. థ్రిల్లర్లకి మామూలుగా అంత మర్యాద దక్కదు. చివరి అరగంట గురించి ఒక్క ముక్క కూడా చెప్పను, చూడనివాళ్ళు భయపడకుండా చదవచ్చు.

కథేంటంటే, అలెగ్జాండర్ బెక్ పిల్లల డాక్టరు. భార్య పేరు మార్గో. ఇద్దరూ చిన్నప్పట్నించీ కలిసి పెరిగినవాళ్ళు. ఒక రాత్రి చెరువులో ఈతకెళ్తారు. చిన్న మాట పట్టింపు వచ్చి మార్గో ఒడ్డుకి వెళ్ళిపోతుంది. కాసేపటికి ఆమె కేక వినిపిస్తుంది. బెక్ ఈదుకుంటూ వచ్చి చెక్క రేవు నిచ్చెన ఎక్కబోతాడు. తలమీద దెబ్బ. నీళ్ళలో పడిపోతాడు. తర్వాత మార్గో శవం దొరుకుతుంది. ఒక సీరియల్ కిల్లర్ పని అని పోలీసులు ఫైలు మూసేస్తారు.

ఎనిమిదేళ్ళు గడుస్తాయి. ఆ చెరువు పక్కన తవ్వుతుంటే ఇంకో రెండు శవాలు బయటపడతాయి. మూసిన ఫైలు మళ్ళీ తెరుచుకుంటుంది. సరిగ్గా అదే సమయంలో బెక్‌కి ఒక మెయిల్ వస్తుంది. ఫలానా టైముకి లింకు నొక్కమని. నొక్కితే ఒక వెబ్‌కామ్ వీడియో. జనం పోతుంటారు, వస్తుంటారు. ఆ జనంలో ఒకావిడ ఆగి కెమెరా వైపు చూస్తుంది. మార్గో! ఎవరికీ చెప్పొద్దు, నిన్ను గమనిస్తున్నారు అని హెచ్చరిక. సినిమా పేరు అక్కణ్ణించే.

ఇక్కడ కోబెన్ తెలివి చూడండి. మెయిల్ రాకముందు బెక్ ఒక బండరాయి. పొద్దున ఆస్పత్రి, సాయంత్రం ఇల్లు, తోడుగా ఓ బొచ్చుకుక్క. మెయిల్ వచ్చాక మనిషిలో చలనం వస్తుంది. హడావిడి పడతాడు, ఇంటర్నెట్ కేఫ్‌కి పరిగెడతాడు, అడిగితే నిజం చెప్పడు, టైము చూసుకుంటాడు. మనకి కారణం తెలుసు కాబట్టి అయ్యో పాపం అనుకుంటాం. బయటినుంచి చూసే పోలీసుకి? ఫైలు తెరిచిన వారంలోనే కంగారు పడుతున్న మొగుడు! దుఃఖంలో ఉన్నవాడికి ఆశ పుడితే వాడు అచ్చం దొంగలాగే కనిపిస్తాడు. బెక్‌ని అనుమానంలోకి తోసింది నేరం కాదు, ఆశ. నాకు సినిమా అంతటిలో బాగా నచ్చిన పాయింటు ఇదే.

పోలీసులు మూర్ఖులని సినిమా అనదు, అదీ నచ్చింది. వాళ్ళ ప్రశ్నల్లో ఒకటి చాలా మంచి ప్రశ్న. నువ్వు దెబ్బ తిని నీళ్ళలో పడ్డావు. స్పృహలో లేవు. మరి రేవు మీద ఎలా దొరికావు? నిన్ను పైకి లాగిందెవరు? బెక్ దగ్గర జవాబు లేదు. మన భాషలో చెప్పాలంటే ఇది అసలు సిసలు బగ్గు, లాగ్‌లో ఒక ఎంట్రీ మాయమైంది. దాని వెంటపడితే నిజం దొరుకుతుంది. దానికి బదులు "వీడి వాలకం నాకు నచ్చలేదు" అని వెంటపడితే వీడు మాత్రమే దొరుకుతాడు. మొదటిది దర్యాప్తు. రెండోది మనందరం చేసే పని.

మనకి దుఃఖం ఎలా ఉండాలో సినిమాలే నేర్పాయి కదా. 1953 దేవదాసు నించి లెక్క ఖాయం: గడ్డం, సీసా, కుక్క. (బెక్‌కి కుక్క ఉంది, గడ్డం కూడా కాస్త మాసినట్టే ఉంటుంది, ఆ లెక్కన మూడింట రెండు మార్కులు :) ) ఆ తర్వాత వచ్చిన హీరోలు వర్షంలో మోకాళ్ళ మీద పడి ఆకాశంలోకి చూస్తూ అరిచారు. తల్లి పోతే ఒక అరుపు, చెల్లి పోతే ఇంకా పెద్ద అరుపు. కోడింగ్ స్టాండర్డ్ లాగా దుఃఖానికి కూడా ఒక స్టాండర్డ్ తయారైపోయింది. దానికి సరిపోనివాణ్ణి చూస్తే లోపల ఎక్కడో వార్నింగ్ వెలుగుతుంది. ఏదో తేడాగా ఉందే అని.

పోనీ స్టాండర్డ్ ప్రకారం ఏడిస్తే వదిలేస్తారా? 1993లో వచ్చిన "ది ఫ్యూజిటివ్" చూడండి, హారిసన్ ఫోర్డ్ సినిమా. డాక్టర్ కింబుల్ ఆస్పత్రి నించి ఇంటికొచ్చేసరికి భార్య రక్తపు మడుగులో ఉంటుంది. ఒంటిచేతి మనిషితో పెనుగులాడతాడు. స్టేషన్లో కూర్చోబెట్టి అడుగుతుంటే మొదట వాళ్ళు సాయం చేస్తున్నారనే అనుకుంటాడు. ప్రశ్నలు మెల్లగా భార్య ఆస్తి వైపు తిరుగుతాయి. అప్పుడు అర్థమవుతుంది పాపం, వీళ్ళు వెతుకుతున్నది తననే అని. ఏడుస్తాడు, కోప్పడతాడు. ఎదురుగా ఉన్నవాళ్ళ మొహాల్లో ఏమీ మారదు. మరణశిక్ష పడుతుంది. "గాన్ గర్ల్" సినిమాలో (2014) ఇంకో రకం. తప్పిపోయిన భార్య ఫోటో పక్కన నిలబడి, ఫోటోగ్రాఫరు అడిగాడు కదా అని మొగుడు అలవాటుగా ఒక నవ్వు నవ్వుతాడు. దేశం మొత్తానికి ఆ ఒక్క నవ్వు చాలు.

ఒకడు బండరాయిలా ఉన్నాడు, ఒకడు ఏడ్చాడు, ఒకడు నవ్వాడు. ముగ్గురూ అనుమానితులే. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఒకటే అవుట్‌పుట్ ఇచ్చే ప్రోగ్రామ్‌ని మనం టెస్ట్ అంటామా? పాడైపోయిందంటాం.

సినిమాల సంగతి సరే, నిజంగా అలా జరుగుతుందా అంటారా? సినిమాలే నయం.

1980 ఆగస్టులో ఆస్ట్రేలియాలో, ఇప్పుడు ఉలురు అంటున్న పెద్ద ఎర్రరాయి దగ్గర, గుడారంలో పడుకోబెట్టిన తొమ్మిది వారాల పసిపాప అజారియా మాయమైంది. డింగో, అంటే అక్కడి అడవికుక్క, ఎత్తుకుపోయిందని తల్లి లిండీ చాంబర్లెయిన్ మొదట్నించీ చెప్పింది. కానీ టీవీలో ఆవిడ తగినంతగా ఏడవలేదు! స్థిరంగా మాట్లాడింది. పోయిన పాప గురించి ఏ తల్లయినా అలా మాట్లాడుతుందా అని దేశమంతా చెవులు కొరుక్కుంది. కారులో పసిపిల్ల రక్తం దొరికిందని ఫోరెన్సిక్ వాళ్ళు కూడా అన్నారు. 1982లో యావజ్జీవం పడింది. 1986లో పాప కోటు డింగోలు తిరిగే చోట దొరికాక గానీ వదిలిపెట్టలేదు. ఇంతకీ ఆ రక్తం ఏమిటి? చాలా వరకు కారు చప్పుడు తగ్గించడానికి ఫ్యాక్టరీలో చల్లే పదార్థం అని తర్వాత తేలింది. శిక్ష 1988లో కొట్టేశారు. డింగోనే చంపిందని అధికారికంగా రాయడానికి 2012 దాకా పట్టింది. ముప్ఫై రెండేళ్ళు!

లిండీ కనీసం బతికి చూసింది. టెక్సాస్‌లో టాడ్ విల్లింగమ్ ఇల్లు 1991 డిసెంబరులో, క్రిస్మస్‌కి రెండ్రోజుల ముందు కాలిపోయింది. లోపల ముగ్గురు ఆడపిల్లలు. పెద్దదానికి రెండేళ్ళు, కవలలకి ఏడాది. తండ్రి బయటపడ్డాడు. ఆ రోజు అతను గోలగోలగా ఏడ్చాడని మొదట చెప్పిన ఇరుగుపొరుగే, పోలీసులకి అనుమానం వచ్చిందని తెలిశాక మాట మార్చారు. మంటలకి దూరంగా కారు జరుపుకున్నాడు, అంత బాధ పడినట్టు లేడు అన్నారు. చూసిన దృశ్యం అదే, చూసిన కళ్ళూ అవే. మధ్యలో మారింది ఒక్క అనుమానం. అది వెనక్కి వెళ్ళి జ్ఞాపకాన్ని కూడా ఎడిట్ చేసేసింది.

ఇందులో మన ఇంజనీర్లకి పనికొచ్చే సంగతి ఇంకోటుంది. కిటికీ అద్దం మీద సాలెగూడులాంటి సన్నని పగుళ్ళుంటే, ఎవరో పెట్రోలు లాంటిది పోశారు, వేడి ఒక్కసారిగా పెరిగింది అని అప్పటి ఇన్వెస్టిగేటర్ల నమ్మకం. తర్వాత ప్రయోగాల్లో తేలిందేమిటంటే, ఆ పగుళ్ళు వేడికి కాదు, వేడెక్కిన అద్దం మీద ఫైరింజను నీళ్ళు పడి ఒక్కసారిగా చల్లారితే వస్తాయి. నిప్పు పెట్టినవాడి గుర్తు అనుకున్నది నిప్పు ఆర్పినవాడి గుర్తు! ఇది నిప్పంటించిన కేసు అనడానికి ఆధారం లేదని గెరాల్డ్ హర్స్ట్ అనే నిపుణుడు రాసిచ్చాడు. అయినా 2004 ఫిబ్రవరిలో ఇంజెక్షన్ ఇచ్చి చంపేశారు.

మన దగ్గర? 2008లో నోయిడా ఆరుషి కేసు గుర్తుండే ఉంటుంది. తల్లి టీవీ ఇంటర్వ్యూలో ఏడవలేదన్నది చాలా ఇళ్ళల్లో చర్చ అయింది. కాఫీ మిషన్ల దగ్గర కూడా. "చూశావా మొహం? కళ్ళల్లో తడి లేదు" అన్నవాళ్ళలో ఎవరూ ఒక్క పేజీ చార్జిషీటు చదివుండరు. 2013లో తల్లిదండ్రులకి యావజ్జీవం పడింది. 2017 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు సాక్ష్యం చాలదని విడుదల చేసింది. మేఘనా గుల్జార్ "తల్వార్" సినిమా (2015) అదే కేసుని వేర్వేరు కథనాలుగా చూపిస్తుంది. ఒకే ఇల్లు, ఒకే రాత్రి, చెప్పేవాణ్ణి బట్టి హంతకులు మారిపోతుంటారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పోలీసులు ముందు మొగుణ్ణి అనుమానించడం తప్పు కాదు. ప్రపంచం మొత్తం మీద హత్యకి గురవుతున్న ఆడవాళ్ళలో సగానికి పైగా చనిపోతున్నది సొంతవాళ్ళ చేతుల్లోనే అని ఐక్యరాజ్యసమితి లెక్కలు చెబుతున్నాయి. ఎంతోమంది మొగుళ్ళు కెమెరాల ముందు భోరున ఏడ్చి, తర్వాత నేరం రుజువై జైలుకెళ్ళారు కూడా. కాబట్టి "పాపం ఏడుస్తున్నాడు, వదిలెయ్యండి" అనడం ఎంత తప్పో, "ఏడవట్లేదు, లోపలెయ్యండి" అనడమూ అంతే తప్పు. అనుమానించడం వరకు న్యాయమే. కన్నీళ్ళని కొలబద్ద చెయ్యడమే అన్యాయం.

ఇదంతా ఎవరో ఫ్రెంచివాళ్ళ గొడవ, నీకెందుకింత ఆవేశం అంటారేమో. మా ఇంట్లోనే ఒక కేసు నడిచింది మరి. పోలీసులు లేరు, కోర్టు లేదు, తీర్పు మాత్రం వచ్చేసింది.

మా పెద్దమ్మ ఒక తెల్లవారుజామున గుండెనొప్పితో పోయింది. మేం వెళ్ళేసరికి పెదనాన్న షామియానా వాడితో మాట్లాడుతున్నాడు. ఫ్రీజర్ బాక్సుకి కరెంటు కనెక్షన్ సరిగ్గా ఉందా అని చూస్తున్నాడు. దూరం నించి వచ్చినవాళ్ళని టిఫిన్ చేశారా అని అడుగుతున్నాడు. స్మశానం నించి వచ్చాక ఆటోవాళ్ళకి లెక్క చూసి డబ్బులిచ్చాడు. కళ్ళల్లో చుక్క నీళ్ళు లేవు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురం. వెనక గదిలో ఆడవాళ్ళు అప్పుడే గుసగుసలు మొదలెట్టారు. పెద్దకర్మ నాటికి ఆ గుసగుస ఒక కథగా తయారైంది. నొప్పి అర్ధరాత్రే వచ్చిందట. తెల్లారేదాకా ఈయన కూర్చున్నాడట. టైముకి తీసుకెళ్ళుంటే మనిషి దక్కేదట. పెద్దమ్మ వైపువాళ్ళు భోజనాలు చెయ్యకుండానే వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ ఒకాయన గుమ్మంలో నిలబడి "మా పిల్లని వీడే చంపుకున్నాడు" అన్నాడు. పెదనాన్న వింటూనే ఉన్నాడు. వంటవాళ్ళకి ఇవ్వాల్సిన మిగతా డబ్బు లెక్కపెడుతున్నాడు.

ఆ తర్వాత ఏదో కార్డు కాగితాల కోసం బీరువా తీస్తే ఆస్పత్రి ఫైలు నా చేతికొచ్చింది. క్యాజువాల్టీ చీటీ మీద టైము ఉంది: 4 గంటల 35 నిమిషాలు. ఆయన ఫోన్లో వీధి చివరి ఆటో అతనికి చేసిన కాలు ఉంది: 4 గంటల 10 నిమిషాలు. "నాలుగింటికి లేచి మంచినీళ్ళు అడిగిందిరా, అప్పుడే చెప్పింది నొప్పని" అన్నాడు. అంటే అన్నీ కలిపి ముప్ఫై అయిదు నిమిషాలు. మా ఆఫీసులో సర్వర్ పడిపోతే ఫోన్ ఎత్తడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

"పెదనాన్నా, ఇది వాళ్ళకి చూపించొచ్చు కదా?" అన్నాను.

"అడిగితే చూపించేవాణ్ణిరా. ఎవరూ అడగలేదుగా" అన్నాడు.

అంతే. ఆ ఒక్క ముక్కా అని ఫైలు మళ్ళీ లోపల పెట్టేసి తాళం వేశాడు.

ఇంకో సంగతి. పెద్దమ్మ నంబరు ఇప్పటికీ పనిచేస్తోంది. ఆయన ఫోన్‌కి రీఛార్జి ఆన్‌లైన్లో నేనే చేస్తాను. ప్రతిసారీ "ఒరేయ్, మీ పెద్దమ్మ నంబరుకి కూడా వెయ్యి, మర్చిపోకు" అంటాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. "టెల్ నో వన్"లో బెక్ కంప్యూటర్ ముందు కూర్చుని గడియారం చూస్తున్నప్పుడు మాత్రం నాకు ఆ రీఛార్జి గుర్తొచ్చింది. దుఃఖం మొహం మీదే ఉండాలని రూలేం లేదు. ఒక్కోసారి నెలకొకసారి కట్టే బిల్లులో ఉంటుంది. అది చావింటికొచ్చిన జనానికి కనిపించదు.

మళ్ళీ సినిమాకొస్తే, మీరు చూసేటప్పుడు బ్రూనో అనే పాత్రని గమనించండి. పారిస్ శివారులో ఉండే రౌడీ టైపు. చూస్తే మనమే రోడ్డు దాటి అవతలికి పోతాం. వాడి చిన్న కొడుక్కి ఒంటినిండా కమిలిన మచ్చలు. అలాంటి తండ్రి, అలాంటి మచ్చలు. పిల్లాణ్ణి కొడుతున్నాడని చూసినవాళ్ళంతా తేల్చేసుకుంటారు. బెక్ ఒక్కడు తండ్రి మొహం చూడ్డం మానేసి పిల్లాడి రక్తం చూస్తాడు. హీమోఫీలియా. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థం ఒంట్లో తక్కువ కాబట్టి చిన్న దెబ్బకే చర్మం కింద నెత్తురు కారి కమిలిపోతుంది. ఎవరూ కొట్టక్కర్లేదు. మంచం కోడు తగిలినా చాలు.

తర్వాత ఊరంతా బెక్‌ని హంతకుడంటున్నప్పుడు, పోలీసులు తరుముతుంటే ప్రాణాలకి తెగించి పారిస్ రింగు రోడ్డు మీద కార్ల మధ్యలోంచి అడ్డంగా పరిగెత్తినప్పుడు, అతన్ని దాచిపెట్టేది ఈ బ్రూనోనే. చదువుకున్నవాళ్ళు కాదు, డిపార్టుమెంటు వాళ్ళు కాదు. నువ్వు చంపావా లేదా అని కూడా వాడు అడగడు. ఒకప్పుడు ఒక్క మనిషి తన మొహాన్ని పక్కనబెట్టి రిపోర్టు చదివాడు. వాడికది చాలు.

పెద్దమ్మ వైపువాళ్ళింట్లో వచ్చే నెల పెళ్ళుంది. పెదనాన్నకి శుభలేఖ రాలేదు. మాకొచ్చింది. నేను వెళ్తున్నాను. ఆ చీటీకి ఒక జిరాక్సు తీసిపెట్టమని ఆయన్ని అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బీరువా తాళం నా చేతిలో పెట్టి, పాల ప్యాకెట్ తేవాలని బయటికెళ్ళిపోయాడు.